కోళ్ల రోగనిరోధక శక్తికి విటమిన్లు: ఏది, ఎంత, ఎలా

షెడ్డులో పది కోళ్లు డీలా పడగానే చాలామంది చేయి విటమిన్ సీసా మీదికే పోతుంది. మందలో నిజంగా విటమిన్ లోటు ఉంటే ఆ సీసా మేలు చేస్తుంది. లోటు లేకపోతే అందులో చాలా భాగం వృథానే. విటమిన్లు కోడికి లేని శక్తిని తెచ్చిపెట్టవు. ఉన్న రక్షణ వ్యవస్థ తన పని తాను చేసుకోవడానికి కావలసిన సరుకును మాత్రం అందిస్తాయి. అందుకే విటమిన్ పోయడానికి ముందు అది ఎక్కడ పోతోందో చూడాలి. ప్రీమిక్స్ (దాణాలో వేయడానికి ముందే కలిపి అమ్మే విటమిన్ల పొడి) సంచిలోనే చెడిందా, మిక్సర్‌లో సరిగా కలవలేదా, పేగు పీల్చుకోలేకపోతోందా, నీళ్లలో కలిపాక క్లోరిన్ తినేసిందా? ఈ నాలుగు చోట్లా చూశాకే మోతాదు సంగతి.

ఏ విటమిన్ ఏ పని చేస్తుంది

కోడికి మొదటి కవచం దాని లోపలి పొరలు. కంటి పొర, శ్వాసనాళం, ఆహారనాళం, పేగు, మూత్రనాళాల లోపలి గోడలు తడిగా, జిగురుగా ఉన్నంతకాలం సూక్ష్మజీవులు లోపలికి దిగడం కష్టం. ఆ పొరలను అలా ఉంచేది విటమిన్ ఎ. అది తగ్గితే జిగురు చేసే కణాల స్థానంలో చర్మంలాంటి గట్టి, పొడి కణాలు పెరుగుతాయి. జిగురు గ్రంథుల నోళ్లు మూసుకుపోతాయి. అప్పుడు మామూలు రోజుల్లో ఏమీ చేయలేని ఇ. కోలై, మైకోప్లాస్మా లాంటివి కూడా సులువుగా లోపలికి వెళ్తాయి. చలికాలంలో గురక, కళ్లలో చీము, ముక్కు కారడం పదేపదే వస్తూ, యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు తగ్గి ఆపగానే తిరగబెడుతుంటే ఎ లోటును తప్పక అనుమానించాలి. పసుపు మొక్కజొన్న బదులు తెల్ల మొక్కజొన్న, నూకలు, జొన్న ఎక్కువగా వాడే దాణాల్లో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పసుపు మొక్కజొన్నలోని కెరోటిన్ కోడి ఒంట్లో విటమిన్ ఎ గా మారుతుంది. మిగతా గింజల్లో అది దాదాపు ఉండదు.

విటమిన్ ఇ పని వేరు. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవిని చంపేటప్పుడు ఘాటైన ఆక్సీకరణ పదార్థాలు విడుదల చేస్తాయి. అవి శత్రువునే కాదు, తెల్లకణం సొంత పొరను కూడా కాలుస్తాయి. ఆ పొరలోని కొవ్వును కాపాడేది విటమిన్ ఇ. పొర లోపల సెలీనియం ఉన్న ఎంజైములు అదే పని చేస్తాయి. అందుకే ఈ రెంటినీ జంటగా చూడాలి. ఒకటి కొంచెం తక్కువైతే రెండోది కొంతవరకు సర్దుకుంటుంది, రెండూ తగ్గితే సర్దుకోలేదు. దాణాలో నూనె ఎంత పెరిగితే, అది ఎంత త్వరగా చెడే రకమైతే, ఇ అవసరం అంత పెరుగుతుంది. కనరు వాసన కొట్టే నూనె, పాతబడిన తౌడు, చేపపొడి దాణాలో ఉన్న విటమిన్ ఇ ని కోడి నోటిదాకా రానివ్వవు, సంచిలోనే కాజేస్తాయి. ఇలాంటి దాణాకు పైన విటమిన్ ఇ జోడించే కన్నా చెడిన నూనెను మార్చడమే సరైన పని.

డి3 అనగానే ఎముక, గుడ్డు పెంకు గుర్తొస్తాయి. తెల్ల రక్తకణాలు చురుకుగా పనిచేయడానికి కూడా అది కావాలి. కోడికి డి2 పెద్దగా ఒంటపట్టదు కాబట్టి లేబుల్ మీద డి3 అని స్పష్టంగా ఉండాలి. గాజు కిటికీలోంచి పడే ఎండ లెక్కకు రాదు, డి3 తయారీకి కావలసిన కిరణాలను గాజు ఆపేస్తుంది. మూసిన షెడ్డులో పెరిగే కోడికి దాణాలో ఉన్నదే దిక్కు.

విటమిన్ సి ని కోడి తన మూత్రపిండాల్లో తానే తయారుచేసుకుంటుంది. అందుకే మామూలు రోజుల్లో దాన్ని దాణాలో కలపరు. ఎండలు ముదిరినప్పుడు, రవాణాలో, జబ్బుపడినప్పుడు ఆ తయారీ చాలదు. ఒత్తిడిలో పెరిగే కార్టికోస్టిరాన్ అనే హార్మోను, రక్షణ కణాలు తయారయ్యే థైమస్, బర్సా గ్రంథులను కుదిస్తుంది. వేడి వారం గడిచాక జబ్బులు మొదలవడానికి ఇదొక ముఖ్య కారణం. సి ఆ హార్మోను దెబ్బను కొంత తగ్గిస్తుంది.

బి గుంపులో పైరిడాక్సిన్, ఫోలిక్ ఆమ్లం, పాంటోథెనిక్ ఆమ్లం యాంటీబాడీల తయారీకి, కొత్త తెల్లకణాలు పుట్టడానికి కావాలి. విటమిన్ కె రక్తం గడ్డకట్టడానికి. కాక్సీడియోసిస్ (పేగును దెబ్బతీసే పరాన్నజీవి జబ్బు) వచ్చి పేగు రక్తం కారే మందకు, సల్ఫా మందులు వాడే మందకు ఇది చాలా అవసరం. విటమిన్ కె అనేది అసలు బయటపడిందే కోడిపిల్లల్లో. కొవ్వు లేని మేత తిన్న పిల్లలకు రక్తం కారడం గమనించి శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ దాన్ని కనుక్కున్నారు, ఆ పరిశోధనకు 1943 నోబెల్ బహుమతిలో వాటా పొందారు.

పిల్ల రాకముందే మొదలయ్యే లెక్క

యాంటీబాడీలు చేసే బి కణాలు బర్సాలో తయారై బయటికి వెళ్తాయి. ఈ గ్రంథి మొదటి వారాల్లోనే వేగంగా పెరిగి, కోడి ఈడుకొచ్చేసరికి కుంచించుకుపోతుంది. అంటే రక్షణ పునాది పడేది చిన్న వయసులోనే. పొదిగిన పిల్ల మొదటి రోజుల్లో బతికేది పచ్చసొనలో తల్లి దాచిన విటమిన్ల మీద. అందుకే బ్రీడర్ (పొదిగే గుడ్లు పెట్టే తల్లికోళ్ల) దాణాలో ఇ, రైబోఫ్లావిన్ (బి2), బి12 మామూలు లేయర్ దాణా కంటే ఎక్కువ పెట్టాలి. తల్లి మేతలో లోటుంటే పిల్లల్లో అది మొదటి వారంలోనే బయటపడుతుంది. అప్పుడు మీ దాణాలో తప్పు వెతికితే దొరకదు.

దాణాలో ఎంత

అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994లో ఇచ్చిన కనీస అవసరాల ప్రకారం బ్రాయిలర్‌కు కిలో దాణాకు ఎ 1,500 ఐ.యు. (అంతర్జాతీయ యూనిట్లు), డి3 200, ఇ 10 సరిపోతాయి. ఇవి శుభ్రమైన ప్రయోగశాలలో, తాజా దాణాతో లోటు లక్షణాలు రాకుండా ఉండటానికి తేల్చిన అంకెలు. వేడి, తేమ, టీకాలు, లిట్టర్ (షెడ్డు నేలపై పరిచే ఊక) లోని సూక్ష్మజీవులు, నిల్వలో నష్టం అందులో లేవు. అందుకే ఫారాల్లో పెంచే కోళ్లకు వాడే స్థాయులు వాటికంటే చాలా పైన ఉంటాయి. కిలో దాణాకు ఎ 8,000 నుంచి 12,000 ఐ.యు., డి3 3,000 నుంచి 5,000 ఐ.యు., ఇ 30 నుంచి 80 ఐ.యు. ఉండేలా చూడండి. టీకాలు దట్టంగా పడే రోజుల్లో, ఎండల్లో ఇ ని 100 నుంచి 150 వరకు పెంచవచ్చు. సెలీనియం 0.3 మి.గ్రా. మించనివ్వకండి. దీనిలో అవసరానికీ విషానికీ మధ్య దూరం తక్కువ. వేడి రోజుల్లో సి 200 నుంచి 250 మి.గ్రా.

ఇక టన్ను లెక్క. ఉదాహరణకు ఎ 10,000, డి3 3,000, ఇ 50 ఐ.యు. కావాలనుకుందాం.

టన్నుకు ఎ కోటి ఐ.యు. కావాలి. గ్రాముకు 5 లక్షల ఐ.యు. ఉండే ఎ పొడి అయితే 20 గ్రాములు. డి3 30 లక్షల ఐ.యు., అదే బలమున్న పొడి 6 గ్రాములు. ఇ 50,000 ఐ.యు. సింథటిక్ ఇ అసిటేట్ 1 మి.గ్రా. అంటే 1 ఐ.యు. కాబట్టి 50 గ్రాములు, 50 శాతం పొడి అయితే 100 గ్రాములు. రెడీమేడ్ ప్రీమిక్స్ వాడుతున్నా ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. టన్నుకు ఎంత వేయమన్నారో, కిలో ప్రీమిక్స్‌లో ఏముందో గుణిస్తే కోడికి చేరేది తెలుస్తుంది. లేబుల్ మీద ఇరవై పేర్లుండి, గుణిస్తే ఇ కిలోకు 8 ఐ.యు. కూడా రాని ప్రీమిక్స్ మందను కాపాడలేదు.

కలిపే పద్ధతి

టన్ను దాణాలో 20 గ్రాముల పొడి నేరుగా చల్లితే కొన్ని కోళ్లకు పది రెట్లు, కొన్నిటికి సున్నా అందుతుంది. మెట్లు మెట్లుగా పలచన చేయాలి.

1. ఒక గ్రాము తేడాను కూడా చూపించే చిన్న తూకంపై ప్రతి విటమిన్‌నూ విడిగా తూచండి. పెద్ద కాటాపై 6 గ్రాములు తూచడం కుదరదు.
2. ఒక కిలో ఎండిన, మెత్తని నూనె తీసిన తౌడులోనో మొక్కజొన్న పిండిలోనో వాటిని కలపండి.
3. ఆ కిలోను 5 కిలోల్లో, ఆ మొత్తాన్ని 20 నుంచి 25 కిలోల్లో కలపండి.
4. మిక్సర్‌లో గింజ పిండి, సోయా చెక్క సగం పడ్డాక ఈ మిశ్రమం వేయండి. అడుగున ముందే వేస్తే మూలల్లో ఇరుక్కుంటుంది.
5. మిగతా సరుకు వేసి పొడిగా తిప్పాక, చివర్లో నూనె. నూనె ముందే పోస్తే పొడి ఉండలు కడుతుంది.

దాణాలో వేసే మరో పోషకం కోలీన్ క్లోరైడ్‌ను విటమిన్లతో ఒకే సంచిలో ఎప్పుడూ ఉంచకండి. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. ఆ తేమలో రాగి, ఇనుము లవణాలు విటమిన్లను కొరికేస్తాయి. ముందుగా పోయేవి కె, ఎ, బి1. విటమిన్లు, ఖనిజాలు, కోలీన్ మూడూ వేర్వేరు సంచుల్లో ఉండి మిక్సర్‌లోనే కలవాలి. మూడూ కలిపిన ప్రీమిక్స్ కొంటే నెలలోపు వాడేయండి. విటమిన్ ఒక్కటే ఉన్నదయితే 25 డిగ్రీల లోపు, పొడి చోట, వెలుతురు తగలకుండా మూడు నుంచి ఆరు నెలలు నిలుస్తుంది. రేకుల కప్పు కింద, సిమెంటు నేల మీద పెట్టిన సంచికి ఈ గడువు వర్తించదు. చెక్క పలకల మీద, గోడకు ఎడంగా పెట్టండి, విప్పిన సంచిని బిగించి కట్టండి.

దాణాను పెల్లెట్లుగా (నొక్కిన గుళికలుగా) చేసేవారు ఆవిరి వేడి 80 డిగ్రీలు దాటితే సి, కె బాగా తగ్గుతాయని గుర్తుంచుకోవాలి. పెల్లెట్‌కు పూత పూసిన ఎ, ఫాస్ఫేట్ రూపంలోని సి వాడాలి. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం పెల్లెట్ మెషీన్‌లో వేసినా వేయకపోయినా పెద్ద తేడా ఉండదు.

నీళ్లలో ఇవ్వడం: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

కోడి జబ్బుపడితే ముందు మేత మానేస్తుంది, నీళ్లు తాగడం తర్వాత తగ్గుతుంది. అందుకే అవసరం వేళ నీళ్ల దారి మంచిదే. అయితే లీటరుకు ఇన్ని మి.లీ. అన్న లేబుల్ లెక్కను గుడ్డిగా నమ్మకూడదు. చల్లని రోజుల్లో కోడి తిన్న మేతకు 1.8 నుంచి 2 రెట్లు నీళ్లు తాగుతుంది. ఎండల్లో అది రెట్టింపు కావచ్చు, మేత మాత్రం తగ్గుతుంది. లీటరు లెక్క అదే ఉంచితే ఎండల్లో మోతాదు కూడా రెట్టింపవుతుంది.

సరైన లెక్క మేత నుంచి మొదలవ్వాలి. కిలో బరువున్న వెయ్యి బ్రాయిలర్లు రోజుకు సుమారు 100 కిలోల దాణా తింటాయి. కిలో దాణాకు 100 ఐ.యు. ఇ అదనంగా ఇవ్వాలంటే మందకు రోజుకు 10,000 ఐ.యు., అంటే 10 గ్రాముల ఇ అసిటేట్. అవి ఎన్ని లీటర్లు తాగినా మందకు చేరాల్సింది ఆ 10 గ్రాములే. రోజు తాగే నీళ్లలో మూడో వంతు, అంటే చల్లని రోజుల్లో 60 నుంచి 70 లీటర్లు తీసుకుని మొత్తం మోతాదు అందులో కలిపి, ఉదయం నాలుగైదు గంటల్లో తాగించేయండి. తర్వాత మామూలు నీళ్లు.

కలిపే ముందు రోజు సాయంత్రం నుంచి క్లోరిన్ ఆపండి. సి, ఎ, ఇ లను క్లోరిన్ ఆక్సీకరణం చేస్తుంది. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లు సి ని గంటల్లో పాడుచేస్తాయి. ట్యాంకు ఎండలో ఉండకూడదు, రైబోఫ్లావిన్ వెలుతురుకు చెడుతుంది. ఎ, డి3, ఇ నూనెలో కరిగేవి. నీళ్లలో కలవడానికి తయారుచేసిన రకమే కొనాలి. పరీక్ష సులువు. గాజు సీసాలో మోతాదు ప్రకారం కలిపి రెండు గంటలు కదపకుండా ఉంచండి. పైన నూనె వలయం తేలినా, అడుగున మడ్డి దిగినా అది వద్దు. లైనులో మొదటి కోళ్లకు నీళ్లు, చివరి కోళ్లకు నూనె అందుతుంది.

విటమిన్ ద్రావణాల్లో చక్కెర, నూనె ఉంటాయి కాబట్టి పైపుల లోపల జిగురు పొర కడుతుంది. అందులో బ్యాక్టీరియా పెరిగి, రోగనిరోధక శక్తి కోసం పోసిన మందే విరేచనాలకు కారణమవుతుంది. కోర్సు అయిపోయిన రోజే లైన్లను ఒత్తిడితో కడిగి, క్లోరిన్ మళ్లీ మొదలుపెట్టండి. రెండు బ్యాచ్‌ల మధ్య హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పూర్తిగా శుభ్రం చేయండి.

సి విషయంలో సమయమే ముఖ్యం. మధ్యాహ్నం కోళ్లు నోరు తెరిచి రొప్పుతున్నప్పుడు పోస్తే ఆలస్యమైనట్టే. ఉష్ణోగ్రత పెరుగుతుందని తెలిసిన రోజుకు ముందు రోజు నుంచే, ఉదయం ఎండ ముదరకముందు ఇవ్వాలి.

టీకాల రోజుల్లో

టీకా పని యాంటీబాడీలు పుట్టించడం, దానికి సరుకు ముందే ఒంట్లో ఉండాలి. ఇ, సెలీనియం, ఎ ఉన్న మిశ్రమాన్ని టీకాకు ముందు రెండు రోజులు, తర్వాత రెండు మూడు రోజులు ఇవ్వండి. టీకా నీళ్లలో మాత్రం విటమిన్ కలపకండి. ఆ ద్రావణాల్లోని ఆమ్లాలు, నిల్వ రసాయనాలు ప్రాణమున్న టీకా వైరస్‌ను చంపవచ్చు. ఆ నీళ్లకు లీటరుకు 2.5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి చాలు, టీకా వేయడానికి 15 నుంచి 20 నిమిషాల ముందు కలపాలి.

లోటు అనుకుని మరో జబ్బును వదిలేయకండి

మూడు వారాలలోపు పిల్లలు కాలివేళ్లు లోపలికి ముడుచుకుని మడమల మీద కూర్చుంటే రైబోఫ్లావిన్ లోటు. కోసి చూస్తే తొడ నరాలు రెండు వైపులా ఉబ్బి ఉంటాయి. మారెక్స్ వ్యాధిలోనూ నరం ఉబ్బుతుంది, కానీ ఎక్కువగా ఒకవైపే, అదీ కొంచెం పెద్ద వయసులో. రెండు నుంచి నాలుగు వారాల పిల్లలు తూలి వెల్లకిలా పడి, కాళ్లు కొట్టుకుంటుంటే, చిన్నమెదడు మెత్తబడి రక్తపు చుక్కలుంటే ఇ లోటు. అదే మెడ తిరగడంతో పాటు గురక, ఆకుపచ్చ రెట్ట, ఎక్కువ చావులుంటే అది కొక్కెర తెగులు, వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. తల వెనక్కి విరిచి ఆకాశం చూస్తున్నట్టు కూర్చుంటే థయామిన్ (బి1) లోటు. కాక్సీడియోసిస్‌కు వాడే ఆంప్రోలియం థయామిన్‌ను అడ్డుకునే పనిచేస్తుంది, కాబట్టి ఎక్కువ మోతాదులో చాలా రోజులు వాడారేమో చూడండి. ఆ మందు నడుస్తుండగా థయామిన్ పోస్తే మందు పని చెడుతుంది, కోర్సు అయ్యాకే ఇవ్వాలి. ఆహారనాళం లోపల ఆవగింజంత తెల్ల పొక్కులు వరసగా ఉండి, మూత్రపిండాల్లో సున్నంలాంటి తెల్లపొడి పేరుకుంటే ఎ లోటు. ముక్కు రబ్బరులా వంగి, పక్కటెముకలపై పూసల్లా ముడులుంటే డి3 లోటు, అప్పుడు కాల్షియం, భాస్వరం లెక్క కూడా చూడాలి.

దాణాలో అన్నీ సరిగా ఉన్నా లోటు కనిపిస్తే పేగు వైపు చూడండి. కాక్సీడియా పేగు గోడను గీకేస్తే ఎ, ఇ లు ఒంట్లోకి దిగవు. బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీసి, కొవ్వులో కరిగే విటమిన్లు ఒంటపట్టకుండా చేస్తుంది, రక్షణ వ్యవస్థను నేరుగా అణచివేస్తుంది కూడా. ఈ రెండిటికీ విటమిన్ పెంచడం జవాబు కాదు. బూజు గింజ మార్చాలి, కాక్సీడియాకు మందు వేయాలి. గంబోరో అనే వైరస్ జబ్బు బర్సాను తినేశాక ఏ విటమిన్ దాన్ని తిరిగి మొలిపించదు. ఆ మందలో టీకాల ఫలితం తక్కువే ఉంటుందని ముందే లెక్కలో పెట్టుకోండి.

ఎక్కువైనా ముప్పే. ఎ అతిగా పోస్తే ఇ, డి3 పీల్చుకోవడం తగ్గుతుంది. అంటే ఒక లోటు పూడ్చబోయి రెండు తెస్తారు. డి3 అతి అయితే మూత్రపిండాల్లో కాల్షియం పేరుకుంటుంది. దాణాలో పూర్తి ప్రీమిక్స్ ఉండగా ఎ–డి3–ఇ సీసాను నెల పొడవునా పోయడం వద్దు. మూడు నుంచి ఐదు రోజుల కోర్సు చాలు.

ఇచ్చాక ఏం చూడాలి

థయామిన్ లోటున్న పిల్ల నోట్లో మందు పడ్డాక కొన్ని గంటల్లోనే తేరుకుంటుంది. తేరుకోకపోతే రోగ నిర్ధారణ తప్పు. ముడుచుకున్న వేళ్లు తొలి దశలో ఉంటే పిల్లకు రోజుకు 100 మైక్రోగ్రాముల రైబోఫ్లావిన్ రెండు రోజులు ఇస్తే సాగుతాయి. వారాల తరబడి ముడుచుకున్నవి సాగవు, నరం అప్పటికే చెడి ఉంటుంది. ఇ, సెలీనియం లోటుతో చర్మం కింద నీరు పట్టిన పిల్లలు అవి అందగానే త్వరగా కోలుకుంటాయి, మెదడు మెత్తబడినవి కోలుకోవు. వాటిని వేరుచేసి, మిగతా మందను కాపాడటం మీద దృష్టి పెట్టండి. ఎ లోటు సరిచేశాక కంటి చీము తగ్గడం మొదలవుతుంది, కానీ దెబ్బతిన్న పొరలు కొత్తగా రావడానికి సమయం పడుతుంది. ఆ వారాల్లో అమోనియా ఘాటు లేకుండా లిట్టర్ పొడిగా ఉంచాలి, గాలి ఆడనివ్వాలి. ఐదు రోజుల్లో మేత, నీళ్లు తాగే లెక్కలో మార్పు లేకపోతే కోర్సు పొడిగించకండి. చనిపోయిన కోళ్లతో పాటు, ఇంకా ప్రాణమున్న జబ్బు కోళ్లను రెండు మూడింటిని, అరకిలో దాణా నమూనాను పశువ్యాధి ప్రయోగశాలకు తీసుకెళ్లండి. దాణా నమూనా సంచి పైనుంచి మాత్రమే కాకుండా పైన, మధ్యలో, అడుగున తీసి కలిపినదై ఉండాలి.